నల్లటి హీరో

2018లో వచ్చిన 'బ్లాక్ పాంథర్'ని మా అక్క కొడుక్కి ఇంట్లో టీవీలో చూపించాను. కొల్లేటి లంకలో పెరిగినవాడు, మంచి నలుపు. ఛాడ్విక్ బోస్‌మన్‌ని చూసి, "మావయ్యా, నాలాగే ఉన్నాడే! వీడు రాజా?" అన్నాడు.

2024లో 'హను-మాన్' చూశాం. తేజ సజ్జా మన తెలుగు కుర్రాడే, సంతోషం. మావాడు మాత్రం ఏమీ అనలేదు.

నాకు ఏలూరు పక్క కొవ్వలి అమ్మాయి గుర్తొచ్చింది. అదేనండీ, సిల్క్ స్మిత! ఆ చామనఛాయని, ఆ కళ్లని కెమెరా ఎంత ప్రేమించింది! అయినా మనవాళ్లు ఎక్కువగా క్లబ్ డాన్సులకే పిలిచారు. 1996లో వెళ్లిపోయింది, పాపం.

మొన్న తాడేపల్లిగూడెంలో ఏదో షార్ట్ ఫిల్మ్‌కి కుర్రాళ్లు కావాలంటే మావాడు వెళ్లాడు. చూడగానే, "రౌడీ గ్యాంగ్‌లో వెనక నిలబడు" అన్నారట.

"రేపు మళ్లీ రమ్మన్నారు మావయ్యా, వెళ్లనా?" అంటున్నాడు.

ఏం చెప్పమంటారు?