అరణ్యపర్వ శేషం

గత వేసవిలో మిషిగన్ రాష్ట్రంలో, మా అబ్బాయి ఇంట మూడు మాసాలు గడిపాను. ఒకనాటి సాయంకాలపు నడకలో, నాలుగిళ్ళ అవతల షెడ్డు ముందు "అమ్మబడును" అన్న అట్ట కనిపించింది. లోపల మెరూన్ రంగు ఓపెన్ టాపు కారు. యజమాని ఎనభై దాటిన వృద్ధులు. నా ఇంగ్లీషు ఆయనకూ, ఆయన ఉచ్చారణ నాకూ ఒక పట్టాన కొరుకుడుపడలేదు. అయినా ఇద్దరం ఓపిక పట్టాము.

అది 1953 నాటి ప్యాకార్డ్ కరీబియన్. ఆ యేడు అటువంటివి 750 మాత్రమే తయారయ్యాయి. ఒకే వరుసలో ఎనిమిది సిలిండర్ల ఇంజను, తళతళలాడే తీగచువ్వల చక్రాలు. ఒకప్పుడు ప్యాకార్డ్ అంటే సంపన్నుల వాహనం. డెట్రాయిట్‌లో దాని తయారీ 1956లో ఆగింది. 1958తో ఆ పేరే అంతరించింది. ఈయన తండ్రిగారు ఆ కర్మాగారంలో పనివారు. శిథిలమైన ఆ కట్టడాన్ని 2022లో కూల్చడం మొదలుపెట్టినప్పుడు వెళ్ళి చూసి వచ్చారట. అంతకు మించి ఆ సంగతి చెప్పలేదు.

ఇంజను పూర్తిగా విప్పి తామే బాగుచేసుకున్నారు. తుప్పు తిన్న అడుగురేకులు మార్చారు. అక్కడికి చూపు మందగించింది. బంపర్లకు క్రోమియం పూత పడాలి, సీట్లకు తోలు కుట్టాలి. పైకప్పుకు గుడ్డ లేదు. కమ్ములు మాత్రం మడిచి ఉన్నాయి. విప్పిన మరలన్నీ సీసాలలో, ప్రతి సీసాకూ ఒక చీటీ! మా గురువుగారు తాళపత్రాల కట్టలకు అచ్చం ఇలాగే చీటీలు కట్టేవారు.

బేరాలు రెండు వచ్చాయి. ఎక్కువ ఇస్తానన్నవాడు దేనికది ఊడదీసి అమ్ముకుంటాడు. తక్కువ ఇస్తానన్న కుర్రవాడు పూర్తిచేస్తానంటాడు, కాని కొత్తకాలపు ఇంజను పెట్టి. పెద్దాయన రెంటికీ ఒప్పుకోలేదు.

నన్నయ నడుమ విడిచిన అరణ్యపర్వాన్ని తిక్కన ముట్టలేదు; విరాటపర్వంతో ఎత్తుకున్నాడు. ఎఱ్ఱన ఆ శేషాన్ని నన్నయ ఫణితిలో ఆరంభించి, పోనుపోను తిక్కన ధోరణికి మళ్ళించి, కృతిని రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. తెలుగు పండితుడికి ఇది తప్ప మరొకటి తోచదు కదా! వచ్చీరాని ఇంగ్లీషులో ఆయనకదే చెప్పాను.

"ఆ మూడవ కవి రావడానికి ఎన్నేళ్ళు పట్టింది?"

"రెండున్నర శతాబ్దాలకు పైమాటే."

ఆయన పెద్దగా నవ్వి, "నాకంత వ్యవధి లేదండీ" అన్నారు.

కుర్రవాడికే ఇచ్చివేయమని చెప్పబోయి ఆగిపోయాను. మా గురువుగారు సగంలో విడిచిన వ్యాఖ్యానమొకటి ఇరవై యేళ్ళుగా నా పెట్టెలో ఉంది. నా శిష్యుడొకడు కంప్యూటరులోకి ఎక్కిస్తానంటే, అరసున్నలు ఎగరగొడతాడని ఇవ్వలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ వెళ్ళాను. అట్ట అక్కడే ఉంది. ధర కొట్టివేసి తగ్గించారు. దాని కింద "ఇంజను మార్చరాదు" అని కొత్తగా వ్రాశారు. చేయి వణికినట్లుంది, అక్షరాలు వంకర పోయాయి.

ఊరు చేరాక ఆ శిష్యుడికి ఫోను చేశాను. ఎత్తలేదు. రేపు మళ్ళీ చేయాలి.