రెండు బార్లు అడిగితే ఒకటే వేసిన ఉస్తాద్

రాణిగంజ్‌లో బేరింగుల దుకాణాలు, పంపుసెట్ల షోరూములు దాటి లోపలి సందుల్లోకి తిరిగితే సగం దారి పికప్‌లదే. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు దించి వచ్చినవి కొన్ని, ఇనుప సామాను ఎక్కించుకునేందుకు ఆగినవి కొన్ని. ఒక రేకుల షెడ్డులో మాత్రం సరుకు జాడే లేని డబుల్ క్యాబ్ బండి స్టాండ్ల మీద నిలబడి ఉంది. దాని యజమాని సాఫ్ట్‌వేర్ కుర్రాడు. సెలవు దొరికితే వికారాబాద్ అడవి దారులు పడతాడు.

"చడావు మీద గట్టిగ తొక్కితే ఎన్క టైర్లు టకటక ఎగురుతున్నయ్ ఉస్తాద్. రెండు దిక్కులా ట్రాక్షన్ బార్లు ఎయ్యాలె."

"ఎయ్యనీకేముంది? ముందుగాల కిందికి పోయి చూడనియ్యి."

ఉస్తాద్ ఈఎంఈలో చేసి రిటైరైన మనిషి. సైన్యం బండ్లు బాగుచేసే విభాగమది; దాని శిక్షణ కళాశాల 1953 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. బండి కింద పడుకుని ఆయన పొడుగాటి రాడ్డును కమాన్ (లీఫ్ స్ప్రింగ్) కంటికీ చాసిస్ బ్రాకెట్‌కూ మధ్య దూర్చి ఎత్తాడు. కన్ను కదిలింది. బుష్ అరిగి ఒకవైపు రబ్బరు పొడిపొడిగా రాలుతోంది. యూ-బోల్టుల నట్లు కూడా స్పానర్‌కు పావు చుట్టు తిరిగాయి. ఇవి సరిచేయకుండా బార్ వేయడమంటే రోగాన్ని దాచడమే అన్నాడు. మాకూ అదే సబబనిపించింది.

కమాన్ కట్టకు రెండు పనులు. బరువు మోయడం ఒకటి, యాక్సిల్‌ను దాని చోట నిలిపి ఉంచడం ఇంకొకటి. ఇంజిన్ బలం టైర్లను ముందుకు తిప్పుతుంటే యాక్సిల్ గొట్టం వెనక్కి తిరగాలని చూస్తుంది. డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది. దాంతో కమాన్ ముందు సగం పైకి, వెనక సగం కిందికి వంగి పాములా మెలిక పడుతుంది. టైరు జారగానే మెలిక ఒక్కసారిగా విప్పుకుంటుంది, టైరు మళ్లీ నేలను పట్టుకుంటుంది, మళ్లీ మెలిక. కుర్రాడు చెప్పిన టకటక ఇదే. అమెరికాలో కార్లను వేగంగా ఉరికించేవాళ్లు దీనికి ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు: ఒక కొన యాక్సిల్‌కు, ఇంకో కొన చాసిస్‌కు తగిలించి, యాక్సిల్‌ను తిరగనివ్వని కడ్డీ. అదే ట్రాక్షన్ బార్. 1965 నాటి షెల్బీ జీటీ350 కారు ట్రాక్షన్ బార్లతోనే వచ్చింది. మన అంబాసిడర్‌కూ వెనక కమాన్ కట్టలే కానీ, దాన్ని అంత గట్టిగా తొక్కిందెవరు?

బార్ ఎంత బలానికి తట్టుకోవాలి? శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌నే తీసుకుందాం. దాని 1.9 లీటర్ల డీజిల్ ఇంజిన్ టార్క్ 360 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నాలుగు రెట్లు, డిఫరెన్షియల్ మరో నాలుగు రెట్లు పెంచుతాయనుకుంటే యాక్సిల్ దగ్గర 5,760 అవుతుంది. యాక్సిల్ నుంచి బార్ ముందుకొన 1.2 మీటర్ల దూరంలో ఉంటే అది చాసిస్‌ను 4,800 న్యూటన్లతో, అంటే దాదాపు 490 కిలోల బరువుకు సమానమైన బలంతో పైకి తోస్తుంది. బార్‌ను సగానికి కుదిస్తే ఆ బలం రెట్టింపు. మట్టి దారిలో టైరు అంతకన్నా ముందే జారుతుంది. అయినా లెక్క వేయాల్సింది పెద్ద అంకెకే.

అసలు చిక్కు బలంలో లేదు, కదలికలో ఉంది. గుంతలో పడి లేచేటప్పుడు యాక్సిల్ నిట్టనిలువుగా లేవదు, ముందుకో వెనక్కో జరుగుతూ వంపుగా లేస్తుంది. బార్‌ను చాసిస్‌కు నేరుగా బోల్టు వేస్తే అది తన వంపులో తిరుగుతుంది. రెండు వంపులూ కలవకపోతే బ్రాకెట్ చీలుతుంది, లేదా కమాన్ ఆడడం మానేస్తుంది. ఎంత జరుగుతుందో కొలవడానికి ఉస్తాద్ కట్టలో మెయిన్ పట్టీ ఒక్కటే ఉంచి మిగతావి విప్పేశాడు, జాకీకి లొంగేలా. యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు హబ్ మధ్యనుంచి తాడుకు కట్టిన గుండు దింపి గచ్చు మీద సుద్దతో గీత గీశాడు. మామూలు ఎత్తులో ఇంకో గీత. బంప్ స్టాప్ తాకేదాకా లేపి మూడోది. మొదటి గీతకూ చివరిదానికీ మధ్య రెండు వేళ్ల దూరం.

ఆ రెండు వేళ్ల కోసమే బార్ ముందుకొనకు షాకిల్ పెడతారు. అది బార్‌ను ముందుకూ వెనక్కీ ఊగనిస్తుంది, పైకీ కిందికీ మాత్రం పోనివ్వదు. వెనకకొన యాక్సిల్ బ్రాకెట్‌కు పైనొక బోల్టు, కిందొక బోల్టు. ఒక్కటే ఉంటే బార్ అక్కడే మడతపడుతుంది, యాక్సిల్ తిరగడం ఆగదు.

మరి రెండో బార్ ఏది? కుర్రాడి ప్రశ్నకు ఉస్తాద్ జాకీని ఒక చక్రం కిందికి మాత్రమే తోసి లేపి చూపించాడు. ఒక చక్రం బండరాయి మీద, ఇంకొకటి గుంతలో ఉన్నప్పుడు రెండువైపులా బార్లుంటే యాక్సిల్ గొట్టాన్ని చెరో దిక్కుకు మెలితిప్పుతాయి. తిన్నని రోడ్డు మీద ఉరికే బండికి జత బాగుంటుంది. అడవి దారి పట్టే బండికి డిఫరెన్షియల్ పక్కన ఒకటి చాలు.

బార్‌కు సీమ్‌లెస్ పైపు, దుమ్ములో త్వరగా అరిగిపోయే ఉక్కు గుండు జాయింట్లకు బదులు రబ్బరు బుష్‌లు, చాసిస్‌కు ఉన్న రంధ్రాల్లోనే బోల్టులతో బిగించిన అడ్డదూలం. వెల్డింగ్ అంతా బల్ల మీదే చేశాడు. కమాన్ పట్టీల మీద నిప్పురవ్వ కూడా పడనివ్వలేదు. వేడికి వాటి టెంపర్ పోతుంది. బ్రేకు గొట్టం, హ్యాండ్‌బ్రేకు కేబుల్ తగలకుండా చూసుకున్నాక బండిని నేల మీదికి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాకే బుష్ బోల్టులు బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే కిందికి దిగినప్పటి నుంచీ రబ్బరు మెలికలోనే ఉండి చిరిగిపోతుందట.

కాగితాల సంగతి కూడా ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆర్టీఏ ఆఫీసులో అడిగే రోడ్డెక్కించమని ఉస్తాద్ ఖరాఖండిగా చెప్పాడు. తర్వాత నాలుగైదు వందల కిలోమీటర్లు మామూలు రోడ్ల మీద తిప్పి, యూ-బోల్టులు మళ్లీ బిగించుకున్నాకే అడవికి పొమ్మన్నాడు. కుర్రాడు శనివారానికే ప్లాన్ వేసుకున్నట్టున్నాడు, ఫోన్ తీసి ఎవరికో మెసేజీ పెట్టాడు.