ఒంటి దారం అల్లిక

తెలంగాణ నుంచి భివండీకి వలసొచ్చిన పద్మశాలీలకు పడుగు, పేక కొత్త కాదు. నిజాంపురాలో మరమగ్గాల చప్పుడు మధ్య కూర్చుని పసిపిల్లల బూటీలు అల్లుతుంటే నాకు వింతగా ఉంటుంది. ఇందులో పడుగూ లేదు, పేకా లేదు. ఒకటే దారం, ఉచ్చులో ఉచ్చు. అందుకే సాగుతుంది, చిట్టి పాదానికి ఇమిడిపోతుంది.

మొదటిసారే మడమ మలుపుల జోలికెందుకు? 4 మి.మీ. సూది మీద 28 కుట్లెక్కించి, ప్రతి వరసా సాదాగా 9 సెంటీమీటర్ల దాకా అల్లాలి. నిలువునా మడిచి మొదటి అంచు కుడితే మడమ. చివరి వరసలో దారం దూర్చి లాగితే వేళ్ల కొస. అక్కణ్ణుంచి పైన సగం దాకా కలిపితే సరి. ఈ ఉక్కలో ఊలెవరికి కావాలి, నూలే నయం. లోపల దారపు కొసలు మాత్రం వదలకూడదు, పిల్లల వేళ్లకు చుట్టుకుంటాయి.