ట్రంకుపెట్టెలో ఇల్లు

'మీ అసలు ఊరెక్కడ?' అని అడిగేవాళ్ళకి షంషాబాద్ అని చెబుతాను. వాళ్ళకి చాలదు. 'అంతకుముందు?' అంటారు. అంతకుముందూ షంషాబాదే. మా దాదా, ఆయన అబ్బా ఈ మట్టిలోనే పడుకున్నారు. షంస్ అంటే సూర్యుడు. ఆబాద్ అంటే మనుషులు నిలిచి బతికే జాగా. అయినా రుజువు కావాలంటారు.

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు మా ఊరికొచ్చాయి. నిలిచే జాగా అని పేరున్న ఊరు పోయేవాళ్ళకి గుమ్మమైంది. జిద్దా, రియాద్, దుబాయ్, కువైట్. ఒక్కడు పోతుంటే ఇల్లంతా సాగనంపడానికొస్తుంది. దండకి ఇమామ్ జామిన్ కడతారు. అట్టపెట్టెకి తాడు బిగించి, పైన పేరూ ఊరూ రాస్తారు. లోపల అచారు సీసాలు, మసాలా పొట్లాలు. కస్టమ్స్ వాళ్ళకది సామాను. మాకది ఇల్లు.

నళినీ మలానీ ఈ సంగతినే వీడియోలో చెప్పారు. ఆమె 1946లో కరాచీలో పుట్టారు. మరుసటేడు విభజన ఆ కుటుంబాన్ని ఇటు తోసింది. 1998 మేలో పోఖ్రాన్‌లో అణుబాంబులు పేల్చాక, మంటో కథ 'టోబా టేక్ సింగ్'ని తలుచుకుంటూ ఒక వీడియో ఇన్‌స్టలేషన్ చేశారు. గోడలమీద కదిలే బొమ్మలు. నేలమీద రేకు ట్రంకుపెట్టెలు. వాటిలో టీవీ తెరలు, ఆ తెరలమీద ఇల్లు వదిలిన మనుషులు. మంటో కథలో బిషన్ సింగ్ తన ఊరు ఎటుందని అందర్నీ అడుగుతాడు. చివరికి రెండు దేశాల కంచెల మధ్య కూలిపోతాడు. అతను తన ఊరికి పోవడానికి అడిగాడు. నన్ను అడిగేవాళ్ళు నన్ను పంపించడానికి అడుగుతారు.

మా ఇంటికీ వీడియో ఉంది. భాయిజాన్ జిద్దా పోయిన కొత్తలో పెళ్ళిళ్ళ క్యాసెట్లు పంపేవాళ్ళం. పెళ్ళికూతురికంటే వెనక కనిపించే దాలాన్నే ఎక్కువ చూశానని రాసేవాడు. తర్వాత ఫోన్లో ముఖాలు కనబడే కాలం వచ్చింది. అమ్మీ పోయిన రోజు అతనికి సెలవు దొరకలేదు. మయ్యత్ దగ్గర నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. అమ్మీ ముఖం చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'ఘర్ దిఖా రే' అన్నాడు. బావి చూపించాను. జామచెట్టు చూపించాను. అమ్మీ జానమాజ్ పరిచే మూల చూపించాను. ఖబరస్తాన్‌లో మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. అతని పేరున మరో మూడు వేశాను. ఆ పని ఫోను చెయ్యలేదు.

లౌకికవాద మిత్రులు కొందరు 'ఊరూ మట్టీ అని ఇంత పట్టింపు ఎందుకు, మనిషికి ప్రపంచమంతా ఇల్లే కదా' అంటారు. నిజమే కావచ్చు. కిరాయిల్లు అడగ్గానే పేరేమిటని ఎవరూ అడగనివాళ్ళకి ఆ మాట తేలిక. పేరు వినగానే 'ఇల్లు ఇచ్చేశామండీ' అనే మాట విన్నవాళ్ళకి నాలుగు గోడలే ముందు కావాలి.

భాయిజాన్ పంపిన పైసలతో మేడమీద ఒక గది వేశాం. ఇంకా సున్నం కొట్టలేదు. స్తంభాల్లోంచి ఇనప సలాకలు పైకి వదిలే ఉంచాం. వచ్చాక ఇంకో గది వేస్తానంటున్నాడు. ఎక్కడికో పోవాలనుకునేవాడు సలాకలు వదిలిపెట్టుకోడు.