ఆ ఒక్క రకారం

దక్షిణ కొరియాలోని దేజొన్‌లో ఉన్నప్పుడు మన తెలుగు పిల్లల్లో ఎవరికి కొరియన్‌లో ఫోన్ వచ్చినా, ‘అక్కా, కాస్త నువ్వు మాట్లాడవా’ అని నా చేతికిచ్చేవారు. నాకది గర్వంగా ఉండేది. ఆ దేశం వెళ్లి అప్పటికి నాలుగేళ్లు. సగం వినబడకపోయినా అంతా అర్థమైనట్టు ‘నే, నే’ అనడం బాగా అలవాటైపోయింది. ‘నే’ అంటే ‘అవునండీ’ అని. ఆ అలవాటుకు శిక్ష నాకు పడలేదు, ఒక గర్భిణికి పడింది.

మా పక్కింట్లో ఉండే అమ్మాయికి ఆరో నెల. ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. షుగర్ పరీక్ష, ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, ఉదయం తొమ్మిదికి రావాలి అని చెప్పి తేదీ చెప్పింది. నేను క్యాలెండర్‌లో ఇరవై రెండు చుట్టూ సున్నా చుట్టాను.

ఆ రోజు ఇద్దరం వెళ్లాం. కౌంటర్‌లో ఉన్నావిడ తెర మీద చూసి, మెల్లగా, ‘మీరు రావాల్సింది నిన్న కదండీ’ అంది. ఆ పూట ఖాళీ లేదు. రాత్రి ఏడింటికి తిన్న మనిషి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ‘పర్లేదులే అక్కా’ అంది. కింద కొట్లో అరటిపండూ పాల ప్యాకెట్టూ కొనిచ్చాను. ఆమె తింటుంటే నేను తలెత్తి చూడలేకపోయాను.

జరిగిందేమిటంటే, కొరియన్‌లో 21వ తేదీని ఇ-షిప్-ఇల్-ఇల్ అని రాస్తారు. పలికేటప్పుడు చివరి హల్లులు పక్క అచ్చు మీదికి జరిగి ‘ఇషిబిరిల్’ అవుతుంది. 22 అయితే ‘ఇషిబిఇల్’. తేడా అంతా మధ్యలో ఉన్న ఒక్క ‘ర’. నాలుక కొస అలా తగిలి వదిలేసే ధ్వని అది. ఫోన్‌లో, గబగబా మాట్లాడే మనిషి నోట ఉందో లేదో తెలియదు. మన ఇరవై ఒకటికీ ఇరవై రెండుకీ పోలికే లేదు కాబట్టి, తేదీల్లో ఇలాంటి గొయ్యి ఉంటుందని నాకు తట్టలేదు. అయినా చెవిని తప్పుపట్టను. ఆ క్షణంలో నాకు అనుమానం వచ్చింది. మళ్లీ అడిగితే నా కొరియన్ తక్కువనుకుంటారని అడగలేదు.

దాని వెనక ఒక పిచ్చి నమ్మకం ఉంది. ఫోన్‌ను కొరియన్లు ‘చొన్‌హ్వా’ అని రాస్తారు, మాటల్లో ‘హ’ రాలిపోయి ‘చొన్వా’ అవుతుంది. బ్యాంకు ‘ఉన్‌హేంగ్’, వినబడేది ‘ఉనేంగ్’. ‘కురొన్దే’ కాస్తా ‘కున్దే’ అయిపోతుంది. ఎవరూ తడుముకోరు. రాలిన ధ్వనిని కూడా పట్టుకునే చెవి వాళ్లకుందనీ, నాలుగేళ్లలో నాకూ అదే చెవి వచ్చేసిందనీ అనుకున్నాను.

ఆసుపత్రి సంగతి జరిగిన వారానికి, నాతో పనిచేసే ఒక కొరియన్ ఆవిడను అడిగి ఆవిడ మాటలే రికార్డు చేశాను. ‘సాయంత్రం ఫోన్ చేస్తాను’ లాంటి మామూలు వాక్యాలు. తిరిగి వినిపిస్తే, ‘హ’ బాగానే పలికాను కదా అంది. ఆ ఒక్క మాటనే కత్తిరించి విడిగా వినిపించాను. రెండుసార్లు వింది. ‘ఇదేం మాట?’ అంది. తన గొంతే, తన మాటే! వాక్యం తోడుంటే లేని ‘హ’ కూడా వినబడింది. తోడు తీసేస్తే మాటే పోయింది.

మరి ఇరవై ఒకటీ, ఇరవై రెండూ? అక్కడ వాక్యం సాయపడదు. రెండు తేదీలూ ఒకేలా అతుకుతాయి. ‘మేమూ పొరబడతాం. అందుకే హనాయో, తూరియో అని అడుగుతాం’ అంది ఆవిడ. ఒకటా, రెండా అని, అచ్చ కొరియన్ అంకెల్లో. వాళ్ల సైన్యంలో రేడియో మీద అంకెలు చదివేటప్పుడు కూడా ‘ఇల్’, ‘ఇ’ అనరు. ‘హనా’, ‘తూల్’ అంటారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లే అడిగి తెలుసుకునేదాన్ని నేను ‘నే, నే’తో సరిపెట్టాను.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. వెళ్లిన మొదటి ఏడాది ఒక కొరియన్ జూనియర్‌ని నలుగురిలో దిద్దాను, ‘బొసు కాదు, బస్ అను’ అని. పాపం, రెండింటికీ తేడా వినబడక బిక్కమొహం వేసింది. కొరియన్‌లో ఏ అక్షరమూ పలుకులో ‘స్’ దగ్గర ఆగదు. అందుకే బస్సుకు చివర ఒక ‘ఉ’ చేరుతుంది, క్రిస్మస్ ‘ఖురిసుమసు’ అయి అయిదు అక్షరాలకు సాగుతుంది. ఆ ‘ఉ’ నోట్లో చేరేదే కాదు, చెవిలోనూ చేరుతుంది. బారిష్ కబక్, విలియం ఇడ్సార్డి అనే భాషాశాస్త్రవేత్తలు 2007లో అచ్చు వేసిన పరిశోధన నేను చాలా ఆలస్యంగా చదివాను. అక్షరం చివర నిలవలేని హల్లు వచ్చినప్పుడు, కొరియన్ శ్రోతలు దాని తరవాత లేని అచ్చును వింటారు. అక్షరం చివర నిలవగల హల్లయితే, పక్క హల్లుతో పొసగకపోయినా అలా వినరు. చెవి తన భాష కట్టడిని అంత నిక్కచ్చిగా పాటిస్తుంది. ఆ పిల్లను దిద్దిన నేను పుట్టినప్పటి నుంచీ ‘బస్సు’ అంటున్నాను, అందులో మనం చేర్చుకున్న ‘ఉ’ ఒక్కనాడూ నాకు వినబడలేదు.

ఆ అమ్మాయికి పై వారం పరీక్ష అయింది, షుగర్ లేదన్నారు. ఆ కొత్త తేదీ చెప్పడానికి వచ్చిన ఫోన్ నాకివ్వలేదు, తనే మాట్లాడింది. తేదీతోపాటు వారం కూడా అడిగి రాసుకుంది. గురువారం ‘మోగ్యోయిల్’, శుక్రవారం ‘కుమ్యోయిల్’. ఎంత వేగంగా చెప్పినా కలిసిపోవు.

చదువులకూ ఉద్యోగాలకూ కొరియా వెళ్తున్న మన పిల్లలు ఫోన్‌లో తేదీ వింటే దయచేసి వారం పేరు అడగండి. అనుమానం ఉంటే ‘హనాయో, తూరియో’ అనండి. అలా అడిగినందుకు అక్కడ నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదు.