లంగోటు కింద దాచిన మాట

తెలుగు సినిమాలో పహిల్వాన్‌కు ఎప్పుడూ ఒక్కటే పని. మెడలో తావీజు, కళ్లకు సుర్మా, గళ్ల లుంగీ వేసుకొని హీరో చేతిల తన్నులు తినాలె. ఆ పహిల్వాన్‌కు తల్లి ఉండదు. జ్వరం రాదు. పేగు జారదు. అతనికి బలం తప్ప ఇంకేమీ ఉండదు. అందుకే అతన్ని కొడితే చూసేవాళ్లకు నొప్పి కలగదు. మా దేహాలను ఈ దేశం చూసే చూపులో ఇదొకటి. చూడంగ చూడంగ అదే చూపు మాకూ అలవాటైంది.

నాది కుల్చారం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన కోలాచల మల్లినాథ సూరి మీ ఊరివాడేరా అని బళ్లో సార్లు గర్వంగా చెప్పేవాళ్లు. జైనుల పార్శ్వనాథుని పెద్ద రాతి విగ్రహం మా ఊళ్లోనే ఉంది. పక్కన మెదక్‌లో 1924లో పూర్తయిన పెద్ద చర్చి ఉంది, ఖిల్లా ఉంది. ఇంత చరిత్ర ఉన్న తావుల బస్తాలు మోసినోళ్ల చరిత్ర మాత్రం ఎవరూ రాయలే. అది మా అబ్బా నడుం మీద రాసి ఉండె.

అబ్బా మెదక్ గంజ్‌లో హమాలీ. అప్పుడు గోనెసంచి అంటే క్వింటాలు. పొద్దుందాక మోసి, ఇంటికొచ్చి, చాప మీద వెల్లకిలా పండుకొని, గజ్జల దగ్గర ఉబ్బిన గడ్డను రెండు వేళ్లతో లోపలికి నొక్కుకునేటోడు. అమ్మీ దాన్ని ‘ఆంత్ ఉతర్నా’ అనేది. వాడకట్టోళ్లు ‘బుడ్డ’ అని నవ్వేవాళ్లు. బుడ్డ వేరు, ఇది వేరు. బుడ్డ అంటే వృషణం చుట్టూ నీరు చేరడం. ఇది కడుపుగోడ బలహీనమైన చోట నుంచి పేగో, కొవ్వో బయటికి తోసుకు రావడం. నవ్వేటోళ్లకు ఆ తేడాతో పని లేదు. అబ్బా గట్టిగ లంగోటు బిగించి పదేండ్లు మోసిండు. 1994లో ఒక రాత్రి ఆ గడ్డ లోపలికి పోలేదు. రాయి లెక్క అయింది. వాంతులు మొదలైనయి. పట్నం చేరేసరికి తెల్లారింది. నల్లబడిన పేగు ముక్క కోసి తీసిన్రు. అబ్బా బతికిండు గని మళ్లీ బస్తా ఎత్తలే.

ఆ అబ్బా కొడుకును నేను. పాతబస్తీల ఒక తాలీంల ఎర్రమట్టి పూసుకొని దండ్‌లు, బైఠక్‌లు తీసిన. తర్వాత రాడ్డు, ప్లేట్లు పట్టుకున్న. ఊరికి తిరిగొచ్చి రేకుల షెడ్డుల చిన్న తాలీం పెట్టిన. మావోళ్ల పిల్లలే కాదు, మాదిగ పిల్లలు, గొల్ల పిల్లలు కూడా సాయంత్రం వస్తరు. నేల మీది నుంచి 180 కిలోలు లేపుతనంటే వాళ్లకు నేను ఉస్తాద్‌ను. 2021 డిసెంబర్‌ల ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి గజ్జల కోడిగుడ్డంత ఉబ్బు చేతికి తగిలింది. పండుకుంటే పోతున్నది. దగ్గితే వస్తున్నది. ఎవరూ చెప్పకముందే అదేందో నాకు తెలుసు. చిన్నప్పటి సంది చూసిందే కద.

అమ్మీ నజర్ తగిలిందని మిరపకాయలు దిష్టి తీసింది. నేను ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయిన. ఆయన పేరు చూసిండు, నన్ను చూసిండు. ‘‘మీవోళ్లు తినే తిండికి గట్టిగుంటరు కదయ్యా, నీకెట్ల వచ్చింది?’’ అని నవ్విండు. పక్కన కాంపౌండరూ నవ్విండు. నేను నవ్వలే. ఇక జన్మల బరువు ముట్టొద్దన్నడు. తిండి మాట అడిగినోడు, మా ఇంట్ల ఎవరికన్న ఇది ఉండెనా అని అడగలే. నిజానికి అడగాల్సింది అదే.

హైదరాబాద్‌ల సర్కారు దవాఖాన డాక్టరమ్మ ఆ మాట అడిగింది. కాయితం మీద బొమ్మ గీసి చెప్పింది. మగపిల్లవాడు తల్లి కడుపుల ఉన్నప్పుడే వృషణాలు కడుపులోంచి కిందికి దిగుతయి. ఆ దిగిన దారి గజ్జల్ల మిగిలిపోతది. ప్రతి మగాడికీ అక్కడొక సందు ఉంటది. వంశం, వయసు, ఆగని దగ్గు, బీడీ సిగరెట్లు, మలబద్ధకం ఆ సందును పెంచుతయి. బరువు ఎత్తడం ఒక్కటే కారణమని ఖాయంగా చెప్పలేరు. నడుంకు కట్టే బెల్టు దాన్ని ఆపుతదని కూడా చెప్పలేరు. కండ ఎంత పెంచినా ఆ దారి మూసుకోదు. దాన్ని మూసేది ఆపరేషనే.

మరి వెంటనే చేయించుకోవాల్నా? ఇక్కడే నాకు తెలియని ఒక సంగతి తెలిసింది. నొప్పి అంతగా లేని గజ్జ హెర్నియా ఉన్న 720 మంది మగవాళ్ల మీద ఉత్తర అమెరికాల చేసిన పరిశీలన 2006లో అచ్చయింది. కొందరికి ఆపరేషన్ చేసిన్రు, కొందరిని కనిపెట్టుకొని ఉండమన్నరు. ఆగినోళ్లల్ల పేగు ఇరుక్కుపోయే ప్రమాదం ఏడాదికి వెయ్యిమందికి ఇద్దరి కన్న తక్కువే. కానీ రెండేండ్లల్ల దాదాపు నాలుగోవంతు మంది తామే వచ్చి ఆపరేషన్ అడిగిన్రు. 2013లో మళ్లీ లెక్క తీస్తే, పదేండ్లకు అట్ల వచ్చేటోళ్లు నూటికి 68 మంది అని తేలింది. ఎక్కువమంది నొప్పికే వచ్చిన్రు. అంటే ఆగడం తప్పు కాదు. అయితే ఆగినోళ్లల్ల చాలామందికి ఆ రోజు రాక తప్పదు.

నేను ఐదు నెలలు ఆగిన. బరువు సగానికి తగ్గించిన. ఊపిరి బిగబట్టి లేపడం మానేసిన. అయినా ఉబ్బు పెరిగింది. రెండో సెట్టుకే గజ్జల్ల లాగేది. సజ్దాకు వంగినప్పుడు ఒక చేయి అక్కడికే పోయేది. అమెరికా లెక్క మంచిదే. నా లెక్కల మాత్రం రాత్రి రెండు గంటలప్పుడు కుల్చారం నుంచి పట్నం దాకా ఉన్న దారి కూడా ఉంది. ఆ దారిల అబ్బా పండుకొని ఉన్నడు.

రంజాన్ అయినంక 2022 మే నెలాఖరుల ఆపరేషన్ చేయించుకున్న. చిన్న రంధ్రాలతో చేసేది ఉంది, దానికి పూర్తి మత్తు కావాలె. కోసి చేసేది నడుంకు సూది ఇచ్చి కూడా చేస్తరు. నేను కోసి చేసేదే ఒప్పుకున్న. సందు మీద సన్నని జాలీ వేసి కుట్టిన్రు. చేయించుకున్నోళ్లల్ల సుమారు పదిమందిల ఒకరికి నొప్పి నెలల తరబడి మిగలొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. జన్మల బరువు ముట్టొద్దని మాత్రం చెప్పలే. నొప్పి ఎంత ఒప్పుకుంటే అంత చెయ్యమన్నది. ఆరు వారాలకు నేను ఉత్త రాడ్డు పట్టుకున్న. అది 20 కిలోలు. పిల్లలు చూస్తుండంగ, ఉస్తాద్ ఉత్త రాడ్డు లేపిండు.

గామా పహిల్వాన్ 1910లో లండన్ పోయి జ్బిస్కోతో తలపడ్డ కథ, 1928లో పటియాలాల అదే జ్బిస్కోను నిమిషంలోపే పడగొట్టిన కథ తాలీంలల్ల రోజూ చెప్పుకుంటం. 1882లో వీరఘట్టంల పుట్టిన కోడి రామ్మూర్తి కథలు తెలుగోళ్లందరికీ తెలుసు. వాళ్లు ఎంత ఎత్తిన్రో చెప్తం. వాళ్లకు ఎక్కడ నొచ్చిందో ఎవరమూ అడగం. ఆ మౌనం పహిల్వాన్ నుంచి హమాలీ దాకా దిగొచ్చింది. పైగా మాకు సతర్ ఉంది. బొడ్డు నుంచి మోకాలు దాక పరాయి కళ్లకు కనపడొద్దు. బీమారికి, ఇలాజుకు దీన్ల సడలింపు ఉంది. శరంకే లేదు.

ఆపరేషన్ తర్వాత రెండు వారాలు మసీదుల కుర్చీ మీద కూర్చొని నమాజు చేసిన. పండు లెక్క ఉన్న పహిల్వాన్ కుర్చీ ఎక్కిండేందని అందరూ తిరిగి చూసిన్రు. ‘‘హెర్నియా భాయ్, కోసిన్రు’’ అని గట్టిగనే చెప్పిన. ఆ వారంల ముగ్గురు ఒక్కొక్కరే వచ్చి, చెప్పులు వేసుకునే కాడ చెవుల చెప్పిన్రు: ‘‘నాకూ ఉంది.’’ ఒకాయన టైలరు. ఒకాయన పంక్చర్లేస్తడు. మూడో ఆయన హమాలీ. తాలీం కాడ ఒక గొల్ల పిల్లగాని తండ్రి కూడా అదే మాట చెప్పిండు. నొప్పికి మతం లేదని ఉపన్యాసాల్ల వినొచ్చు. శరం కూడా అందరిదొక్కటేనని నాకు చెప్పుల కాడ తెలిసింది.

హమాలీని నేనే పట్నం తోలుకపోయిన. ఆపరేషన్‌కు ఒప్పుకున్నడు గని ఒకమాట అడిగిండు: ‘‘ఆరు వారాలు మొయ్యకుంటే ఇల్లెట్ల గడుస్తది ఉస్తాద్?’’ బస్తా ఇప్పుడు 50 కిలోలకు తగ్గింది. కూలి మాత్రం ఇప్పటికీ మోసిన బస్తాకే. ఆరు వారాలు నాకు ఉత్త రాడ్డు, అతనికి ఉత్త గిన్నె. జవాబు నా దగ్గర లేకుండె. పిల్లలకు చెప్పిన. అప్పటి సంది తాలీంల ప్రతి శుక్రవారం ఒక డబ్బా తిరుగుతది. ఎవరికి తోచింది వాళ్లు వేస్తరు. మొదటి ఆరు వారాల బియ్యం దాంట్లోంచే కొన్నం. రెండోసారి టైలరుకు. మూడోసారి డబ్బా గొల్లోళ్ల ఇంటికి పోయింది.