నాన్న, కొలాస్టమీ బ్యాగ్, రాత్రి నిద్ర

కొన్ని సంగతులు మన ఇళ్లలో గట్టిగా మాట్లాడుకోం. పసిపిల్లలు పక్క తడిపితే ఊరంతా వినేట్టు చెప్పుకుని నవ్వుకుంటాం. అదే పెద్దవాళ్లకు జరిగితే తలుపులు వేసుకుంటాం. ఈ కష్టం వచ్చిన ప్రతి ఇల్లూ తమకొక్కరికే వచ్చిందనుకుంటుంది. అలా పడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని, నాన్నను అడిగి, ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

నాన్నది చిలకలూరిపేట దగ్గర పల్లె. పత్తి, మిరప తప్ప వేరే లోకం ఎరగని మనిషి. 72 ఏళ్లు. కిందటేడు జూలైలో పెద్దపేగు చివర క్యాన్సర్ అని తేలితే గుంటూరులో ఆపరేషన్ చేశారు. మలం వచ్చే దారి మార్చి, బొడ్డుకు ఎడమపక్కగా కింద చిన్న ద్వారం పెట్టారు. దాన్ని స్టోమా అంటారు. తడిగా, పండుమిరప రంగులో ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. ఎప్పుడు ఏం బయటికి రావాలో మన చేతిలో ఉండదు. దానిమీద అంటించే సంచే కొలాస్టమీ బ్యాగ్.

అమ్మ లేదు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. అందుకని నాన్నను మా ఇంటికే తెచ్చుకున్నాను. "అల్లుడుగారింట్లో ఎన్నాళ్లమ్మాయ్" అని రోజుకొకసారైనా అనేవారు. మావారు ఎంత చెప్పినా ఆ బిడియం పోలేదు.

పగలు బ్యాగ్ బాగానే ఉండేది. రాత్రి రెండు, మూడు గంటలప్పుడు పక్కకు తిరిగితే అంచు లేచి కారేది. నాన్న చీకట్లోనే లేచి, దుప్పటి పెరట్లో కుళాయి కింద ఉతికి, తెల్లారేసరికి దండెం మీద వేసేవారు. అడిగితే "చెమట పట్టింది, ఉతికా" అనేవారు. సాయం వస్తానంటే లోపల గడియ పడేది. "కూతురి చేత ఈ పని చేయించుకునే కంటే..." అని మాట అక్కడితో ఆపేవారు.

దుప్పట్లు ఉతకడం నాకు పెద్ద పని కాదు. నన్ను భయపెట్టింది వేరే. ఆయన రాత్రి అన్నం మానేశారు. తింటేనే కదా వచ్చేది, తినకపోతే పక్క పొడిగా ఉంటుందని ఆయన లెక్క. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు తగ్గారు. కీమో మొదలుపెట్టాలంటే ఒంట్లో బలం ఉండాలని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నారు. అంటే ఆ దుప్పటి సంగతి తేలితేగానీ అసలు వైద్యం ముందుకు సాగదు.

బతిమాలితే వినే మనిషి కాదు. చేలో మాట అయితే వింటారు.

"నాన్నా, కాలవ గట్టు తెగితే మట్టి ఎక్కడ వేస్తావు?"

"గండి పడ్డచోట."

"గండి పూడ్చకుండా పైన నీళ్లు కట్టేస్తే?"

"చేను ఎండుద్ది."

"నువ్వు చేస్తున్నది అదే కదా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక షరతు పెట్టారు. చెయ్యి వేసేది ఆయనే. నేను అద్దం, టార్చి పట్టుకోవాలి, అంతే. నాకు అంతకంటే ఏం కావాలి? మర్నాడే ఆసుపత్రిలో స్టోమా సంగతులు చూసే నర్సు దగ్గరికి వెళ్లాం. ఆమె చెప్పినవి, మేం ఇంట్లో పట్టుకున్నవి కలిపితే గండ్లు ఒకటి కాదు, నాలుగు తేలాయి.

మొదటిది కొలత. ఆపరేషన్ కొత్తలో స్టోమా వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గుతుంది. నాన్న మొదట్లో తీసిన కొలతతోనే రంధ్రం కత్తిరించుకుంటున్నారు. స్టోమా చిన్నదైంది, రంధ్రం పెద్దదిగానే ఉంది. ఆ సందులో మలం చేరి అంటు ఊడుతోంది. స్టోమా చుట్టూ 2, 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. మొదటి రెండు నెలలూ బ్యాగ్ మార్చినప్పుడల్లా కొలుచుకోవాలి.

రెండోది కొబ్బరినూనె. చర్మం ఒరుసుకుపోయి మంటగా ఉందని రాసుకునేవారు. నూనె మీద ఏ జిగురు నిలుస్తుంది? నూనె మానేసి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది ఆరనిచ్చి, ఒరిసినచోట స్టోమా పౌడర్ చల్లి, ఎక్కువైంది దులిపేయడం మొదలుపెట్టారు. కూర్చుంటే స్టోమా పక్కన పొట్ట మడత పడుతోందని అద్దంలో కనిపించింది. ఆ మడతలో స్టోమా పేస్టు నింపి, నిలబడి, పొట్ట సాగదీసి అంటించుకుంటే సమంగా కూర్చుంది. అంటించాక అయిదు నిమిషాలు అరచేత్తో అదిమి పట్టుకోవాలి. ఒంటి వేడికి జిగురు బాగా పట్టుకుంటుంది.

మూడోది మొలతాడు. అదీ, లుంగీ ముడీ సరిగ్గా బ్యాగ్ మీదే బిగిసేవి. మలం కిందికి జారడానికి దారిలేక పక్కకు తోసుకొచ్చేది. మొలతాడు తీసేయమని పుట్టింటి ఆడపిల్లగా నా నోటితో అనలేను, ఆయనా తీయరు. వదులుగా కిందికి వేలాడేట్టు కొత్తది కట్టుకున్నారు. రాత్రిళ్లు లుంగీ బదులు నాడా వదులుగా ఉన్న పైజామా. దానికి మాత్రం రెండ్రోజులు గొణిగారు.

నాలుగోది ఆకలి కడుపు. పస్తుంటే పేగుల్లో గాలి ఇంకా పెరుగుతుందని నర్సు చెప్పినప్పుడు నాన్న ముఖం చూడాలి. గాలికి బ్యాగ్ బుడగలా ఉబ్బి అంచు లేస్తోంది. అప్పటినుంచి ఏడు గంటలకల్లా అన్నం, పప్పు, మజ్జిగ. గాలి పుట్టించే క్యాబేజీ, శనగలు, చిక్కుడు రాత్రిపూట మానేశాం. పడుకునే ముందు బ్యాగ్ ఖాళీ చేయడం, రెండింటికి ఫోన్ అలారం పెట్టుకుని చూసుకోవడం. మూడో వంతు నిండితే చాలు, ఖాళీ చేసేయాలి.

పరుపు మీద రబ్బరు షీటు, దానిపైన అమ్మ పాత నూలు చీర నాలుగు మడతలు. పక్కన స్టూలు మీద ముందే కత్తిరించి పెట్టుకున్న బ్యాగ్, తడిగుడ్డ, పాత కవర్లు, టార్చి. కారినా అయిదు నిమిషాల్లో మార్చుకుని పడుకోవచ్చన్న ధైర్యం ఉంటే నిద్ర పడుతుంది.

ఈ అంటించే బ్యాగ్ పుట్టింది కూడా ఒక ఇంటి బాధలోంచేనట. డెన్మార్క్‌లో ఎలీస్ సోరెన్సెన్ అనే నర్సు, ఆపరేషన్ అయ్యాక కారుతుందన్న భయంతో తోబుట్టువు థోరా బయటికే రావడం లేదని చూసి, 1954లో ఈ ఆలోచన చేసింది. నాన్నకు చెబితే, "ఆ పిల్ల కూడా గడియ వేసుకుందన్నమాట" అన్నారు. అంతకుముందు దాని గురించి ఆయన ఆ మాత్రం తేలిగ్గా మాట్లాడి ఎరగరు.

కారడం పూర్తిగా ఆగిందని చెప్పను. నెలకు ఒకటి రెండు రాత్రులు ఇప్పటికీ అవుతుంది. తేడా ఏమిటంటే, "అమ్మాయ్, టార్చి" అని పిలుస్తారు. బరువు మళ్లీ పెరిగింది, సెప్టెంబరులో కీమో మొదలైంది, మార్చిలో అయిపోయింది. మీ ఇంట్లో ఎవరికైనా స్టోమా నల్లబడినా, నీలంగా మారినా, మలం ఆగిపోయి కడుపునొప్పి, వాంతులు వచ్చినా మాత్రం ఇంటి చిట్కాలు చూడకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఉగాది దాటాక డాక్టరును అడిగి మరీ ఊరెళ్లారు, కల్లంలో మిరపకాయల రాశుల దగ్గర రెండు రాత్రులు కాపలా పడుకోవడానికి. బాబాయి కొడుకు తోడున్నాడు. ఎండకు చెమటపట్టి జిగురు తొందరగా వదులుతుంది కాబట్టి అయిదు రోజులకు మార్చేది మూడు రోజులకే మార్చుకోవాలని ఆయనకు తెలుసు. బ్యాగులు వేడెక్కకుండా నీళ్లకుండ పక్కన నీడలో పెట్టుకున్నారట.

రాత్రి ఫోన్ చేశాను. "ఏం తిన్నావు నాన్నా?"

"పెరుగన్నం." కాస్త ఆగి, "గోంగూర పచ్చడి కొంచెం. నర్సమ్మకు చెప్పమాకు" అన్నారు.